భాషా ప్రయోగశాల

భాషా ప్రయోగశాల అనగా మాతృభాష కాని మరొక భాషను విని, పలికి, తన పలుకును తానే తిరిగి విని సరిదిద్దుకొనేందుకు అవసరమైన పరికరాలతో ఏర్పాటు చేసిన గది లేదా విభాగం. వాడుకలో దీనిని లాంగ్వేజ్ ల్యాబ్ అంటారు. రసాయన ప్రయోగశాలలో విద్యార్థి పుస్తకంలోని సూత్రాన్ని స్వయంగా పరీక్షించి చూసినట్లే, ఇక్కడ తరగతిలో విన్న భాషను తన నోటితో, తన చెవితో పరీక్షించుకొంటాడు. కాలక్రమంలో విశ్వవిద్యాలయాలలోని ఈ గదులు పుస్తకాలు, కంప్యూటర్లు, సంభాషణ బృందాలు, ఉపాధ్యాయ శిక్షణ ఒకచోట లభించే భాషాభ్యసన కేంద్రాలుగా విస్తరించాయి.

తెలుగు ప్రాంతంలో ఈ కేంద్రాల ఆవశ్యకతను అర్థం చేసుకొనడానికి తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలు, వాటి చుట్టుపక్కల గ్రామాలు చక్కని ఉదాహరణ. ఇక్కడి కళాశాలలకు తెలుగు, ఉర్దూ, లంబాడీ, మరాఠీ మాతృభాషలుగా గల విద్యార్థులు వస్తారు. ఒకే బల్ల మీద కూర్చొన్న ముగ్గురికి ద్వితీయ భాష మూడు విధాలుగా ఉండవచ్చును. ప్రయోగశాల మాత్రం చాలాకాలంగా ఆంగ్లం ఒక్కదాని కోసమే రూపొందుతూ వచ్చింది.

ద్వితీయ భాష - రెండు అర్థాలు

"ద్వితీయ భాష" అనే మాటను తెలుగు రాష్ట్రాలలో రెండు వేర్వేరు అర్థాలలో వాడుతున్నారు.

మొదటిది పరీక్షలకు సంబంధించిన అర్థం. ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులలో ఆంగ్లంతో పాటు విద్యార్థి ఎంచుకొనే తెలుగు, హిందీ, ఉర్దూ, సంస్కృతం, అరబ్బీ వంటి భాషను సెకండ్ లాంగ్వేజ్ అంటారు. ఈ లెక్కన తెలుగు మాతృభాషగా గల విద్యార్థికి కూడా తెలుగు "ద్వితీయ భాష" అవుతుంది.

రెండవది భాషాశాస్త్రంలోని అర్థం. మాతృభాష తరువాత నేర్చుకొని, చుట్టూ ఉన్న సమాజంలో ఉపయోగించే భాష ద్వితీయ భాష. ఈ లెక్కన తండా నుండి వచ్చిన లంబాడీ విద్యార్థికి తెలుగు ద్వితీయ భాష, ఆంగ్లం మూడవ భాష. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే విద్యార్థికి కూడా తెలుగు ద్వితీయ భాషయే.

ఈ రెండు అర్థాలు కలిసిపోవడం వలన ఒక చిక్కు ఏర్పడింది. సెకండ్ లాంగ్వేజ్ తరగతిలో తెలుగును అందరికీ మాతృభాషగా భావించి పద్యాలు, ఛందస్సు, వ్యాకరణం బోధిస్తారు. ఆ భాషను బడిలోనే మొదటిసారి విన్న విద్యార్థికి కావలసిన శ్రవణ, భాషణ అభ్యాసానికి ఆ తరగతిలో చోటు తక్కువ. ఆ అభ్యాసానికి తగిన గది కళాశాలలో ఉన్నా, దాని తలుపు మీద ఆంగ్ల విభాగం పేరే కనబడుతుంది.

ప్రాంతం, భాషలు

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు నిజామాబాదు జిల్లా నుండి విడివడి ఏర్పడింది. కామారెడ్డి 44వ నెంబరు జాతీయ రహదారి మీద, సికిందరాబాదు - నిజామాబాదు రైలు మార్గంలో ఉన్న పట్టణం. బెల్లం వ్యాపారానికి ప్రసిద్ధి. ఎల్లారెడ్డి దానికి పడమట ఉన్న రెవిన్యూ డివిజను కేంద్రం. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట ప్రాంతాలలో లంబాడీ తండాలు అనేకం ఉన్నవి. జిల్లా పడమటి కొసన ఉన్న మద్నూరు, జుక్కల్ ప్రాంతాలు మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులను ఆనుకొని ఉండుటచే అక్కడ మరాఠీ, కన్నడ భాషలు కూడా వినబడుతాయి.

ఈ ప్రాంతం 1948 వరకు నిజాం పాలనలో ఉండేది. అప్పటి రాజభాష ఉర్దూ. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా మాధ్యమం కూడా ఉర్దూయే. ఆంగ్లం నిర్బంధ పాఠ్యాంశంగా ఉండేది. అంటే ఆనాడు ఉన్నత విద్య పొందదలచిన తెలుగు విద్యార్థి తనది కాని భాషలో చదువవలసి వచ్చేది. 1948 తరువాత మాధ్యమం ఆంగ్లమైనది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు ప్రచురించింది. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. ఇట్లు ఒక శతాబ్ది కాలంలో ఈ ప్రాంతపు విద్యార్థి చదువుల భాష పలుమార్లు మారింది.

గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళేవారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఇది ఒకటి. అక్కడ పనిచోట హిందీ, ఉర్దూ, ఆంగ్లం, కొంత అరబ్బీ అవసరమవుతాయి. ఒప్పంద పత్రంలోని షరతును చదువగలగడం, ఆసుపత్రిలో తన బాధను చెప్పగలగడం వంటివి అక్కడ జీవితానికి సంబంధించిన విషయాలు. కనుక భాషాభ్యసనం ఇక్కడ ఉద్యోగ ముఖాముఖీలకే పరిమితమైన అవసరం కాదు.

ఉన్నత విద్యా సంస్థలు

ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు పూర్వం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వచ్చాయి. విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి వద్ద, దక్షిణ ప్రాంగణం కామారెడ్డి జిల్లా భిక్నూరు వద్ద ఉన్నవి. భిక్నూరు ప్రాంగణం పూర్వం ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, బిచ్కుంద పట్టణాలలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు.

చరిత్ర

ప్రపంచంలో

ఫోనోగ్రాఫు సహాయంతో ఉచ్చారణ నేర్పే ప్రయత్నాలు 20వ శతాబ్ది ఆరంభంలోనే ఫ్రాన్సులోని గ్రెనోబుల్ విశ్వవిద్యాలయంలో జరిగాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం సైనికులకు తక్కువ కాలంలో విదేశీ భాషలు నేర్పించడానికి వినడం, అనుకరించడం, పదేపదే వల్లించడం మీద ఆధారపడిన పద్ధతిని విస్తృతంగా వాడింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన తరువాత, అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టాన్ని చేసి భాషా బోధనకు పెద్ద ఎత్తున నిధులిచ్చింది. దానితో వేలాది పాఠశాలలలో, కళాశాలలలో టేపు రికార్డర్లతో కూడిన ప్రయోగశాలలు వెలిశాయి. ఆ దశాబ్దాలలోనే అక్కడి విశ్వవిద్యాలయాలలో భారతీయ భాషల బోధన కూడా విస్తరించింది. విస్కాన్సిన్ - మాడిసన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధన ఇందులో ప్రసిద్ధమైనది.

అయితే ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలువలేదు. 1963లో కీటింగ్ న్యూయార్కు పరిసర పాఠశాలలలో జరిపిన పరిశీలన, ప్రయోగశాల వాడిన విద్యార్థులు వాడనివారికంటె మెరుగుగా లేరని తేల్చి పెద్ద చర్చకు దారితీసింది. 1959లో నోమ్ చోమ్‌స్కీ చేసిన విమర్శ తరువాత, భాష కేవలం అలవాటు వలన అబ్బుతుందనే వాదం బలహీనపడింది. 1970లలో భావప్రసారాన్ని ప్రధానంగా తీసుకొన్న బోధనా పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. వాక్యాన్ని నూరుసార్లు వల్లించుటకంటె, ఆ వాక్యంతో ఒక పని సాధించడం ముఖ్యమని ఈ పద్ధతి చెబుతుంది.

భారతదేశంలో

1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ స్థాపించబడింది. 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని సీఫెల్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై, ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా పేరు మారింది. దేశమంతటి నుండి వచ్చిన ఆంగ్ల అధ్యాపకులకు ధ్వనిశాస్త్రంలో, బోధనా పద్ధతులలో శిక్షణ ఇచ్చిన సంస్థ ఇది.

1969లో మైసూరులో భారతీయ భాషల కేంద్రీయ సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ భాషా కేంద్రాలలో ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులకు పది నెలల పాటు మరొక భారతీయ భాషను నేర్పుతారు. మైసూరులోని దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో బోధించే భాషలలో తెలుగు ఒకటి. తెలుగు తెలియనివారికి తెలుగు నేర్పడానికి ఉద్దేశించిన వాచకాలు కూడా ఈ కాలంలో వచ్చాయి. ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తి, పి. శివానందశర్మ రూపొందించిన ఆధునిక తెలుగు ప్రాథమిక వాచకం 1968లో వెలువడింది.

బెంగళూరులో ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు నిర్వహించిన ప్రయోగం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. వ్యాకరణ సూత్రాలకు బదులు రైళ్ళ వేళల పట్టిక చదవడం, పటం చూసి దారి చెప్పడం వంటి పనుల ద్వారా సాధారణ పాఠశాలల పిల్లలకు ఆంగ్లం నేర్పడం దీని విశేషం. ఖరీదైన పరికరాలు లేని తరగతిలో కూడా భాషాభ్యసనం సాధ్యమని ఇది చూపింది.

తెలుగు రాష్ట్రాలలో

2000 దశకంలో సాఫ్ట్‌వేర్, సేవా రంగాల ఉద్యోగాల వలన ఆంగ్ల సంభాషణకు గిరాకీ పెరిగింది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇంజనీరింగు పాఠ్యప్రణాళికలో ఆంగ్ల భాషా ప్రయోగశాలను చేర్చింది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఏర్పడి, ఆంగ్ల సంభాషణలో, కంప్యూటరులో శిక్షణ ఇచ్చాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత వీటిని తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్లు అన్నారు. తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023-24లో 20 మార్కుల ప్రయోగ పరీక్షను ప్రవేశపెట్టినప్పుడు, భాషలలో దానిని తొలుత ఆంగ్లానికే వర్తింపజేసింది.

తెలుగు విషయంలో, 2018లో చేసిన చట్టం ద్వారా తెలంగాణ పాఠశాలలన్నింటిలో తెలుగు బోధన దశలవారీగా నిర్బంధమైనది. కనుక బడిలో తెలుగును ద్వితీయ భాషగా చదివి కళాశాలకు వచ్చే విద్యార్థుల సంఖ్య ఇకముందు పెరుగుతుంది.

నిర్మాణం

హైదరాబాదు జె.ఎన్.టి.యు. 2009 నాటి పాఠ్యప్రణాళిక ఆంగ్ల ప్రయోగశాలను రెండు భాగాలుగా నిర్దేశించింది.

మొదటి భాగం కంప్యూటరు సహాయక అభ్యసన గది. ఇందులో 40 మంది విద్యార్థులకు 40 కంప్యూటర్లు, ఉపాధ్యాయునికి ఒక ప్రధాన కంప్యూటరు, వాటిని కలిపే స్థానిక నెట్‌వర్కు, నాణ్యమైన హెడ్‌ఫోన్లు ఉండాలి. విద్యార్థి పాఠాన్ని విని, పలికి, తన గొంతును రికార్డు చేసుకొంటాడు.

రెండవ భాగం సంభాషణా నైపుణ్యాల గది. ఇందులో కదిలించడానికి వీలైన కుర్చీలు, టీవీ, మైకు, వీడియో కెమెరా ఉంటాయి. బృంద చర్చలు, పాత్రాభినయం, ఉపన్యాసం ఇక్కడ అభ్యాసం చేస్తారు.

నాటి నిబంధనలో కంప్యూటరుకు కనీసం 512 ఎం.బి. ర్యామ్, 80 జి.బి. హార్డ్ డిస్కు సూచించారు. నేడు సాధారణ చరవాణిలో దానికంటె ఎక్కువ శక్తి ఉన్నది. యంత్రాల నిర్దేశం కొద్ది సంవత్సరాలలో పాతబడింది. కదిలే కుర్చీల గది మాత్రం నేటికీ పాతబడలేదు.

మాతృభాషను బట్టి అభ్యాసం

ఒకే పాఠాన్ని అందరికీ ఒకే విధంగా వినిపించే ప్రయోగశాలకు ప్రధానమైన లోపం, మాతృభాషను లెక్కలోకి తీసుకొనకపోవడం. కామారెడ్డి ప్రాంతపు తరగతిలో కనబడే కొన్ని భేదాలు ఇవి.

తెలుగు మాతృభాష గలవారు: తెలుగు అజంత భాష. బస్సు, కారు, బ్యాంకు అని ఎరువు మాటలకు చివర అచ్చు చేర్చుకొనడం సహజం. ఆ అలవాటు ఆంగ్లం మాట్లాడేటప్పుడు కూడా కొనసాగుతుంది. పదాది ఎకారానికి ముందు యకారం, ఒకారానికి ముందు వకారం వచ్చి "ఎగ్" "యెగ్"గా, "ఓన్లీ" "వోన్లీ"గా పలుకబడుతాయి. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు. ఆంగ్లంలో "రికార్డ్" అనే మాటకు మొదటి అక్షరం ఊనితే నామవాచకం, రెండవది ఊనితే క్రియ. హిందీ నేర్చుకొనేటప్పుడు వస్తువులకు కూడా లింగభేదం ఉండటం వీరికి కష్టం. హిందీలో కితాబ్ స్త్రీలింగం, కాగజ్ పుంలింగం.

ఉర్దూ మాతృభాష గలవారు: ఆంగ్లంలోని "ఫ్యాన్", "జూ" వంటి మాటల తొలి ధ్వనులు ఉర్దూలో ఉన్నందున వీరికి సులభం. పదాది సంయుక్తాక్షరం వద్ద "స్కూల్" "ఇస్కూల్" కావచ్చును. తెలుగులో ణ, ళ ధ్వనులు, హ్రస్వమైన ఎ, ఒ వీరికి కొత్త. కల - కళ, కొన - కోన, తెగ - తేగ వంటి జంటలతో అభ్యాసం చేయించాలి. మేము, మనము అనే రెంటికీ ఉర్దూలో "హమ్" ఒక్కటే కనుక ఆ భేదాన్ని ప్రత్యేకంగా నేర్పాలి. దక్కనీలో "నే" ప్రత్యయం తరచుగా లోపిస్తుంది. అందుచే ప్రామాణిక ఉర్దూ, హిందీ భాషలు రాయడంలో వీరికి కూడా అభ్యాసం కావాలి.

లంబాడీ మాతృభాష గలవారు: లంబాడీ ఇండో-ఆర్యన్ కుటుంబానికి చెంది, రాజస్థానీ భాషలకు దగ్గరగా ఉన్న భాష. దీనికి ప్రాచీనమైన సొంత లిపి లేదు. తెలుగు ప్రాంతంలో తెలుగు లిపిలో రాస్తున్నారు. "ఆమె వచ్చింది", "బండి వచ్చింది" అని తెలుగులో స్త్రీకి, వస్తువుకు ఒకే క్రియారూపం రావడం ఈ కుటుంబపు భాషలు మాట్లాడేవారికి వింతగా తోస్తుంది. లంబాడీ ఆధారంగా తెలుగును, తెలుగు ఆధారంగా ఆంగ్లాన్ని నేర్పే శ్రవణ పాఠాలు ఈ ప్రాంతానికి అత్యవసరం.

మరాఠీ మాతృభాష గలవారు: ణ, ళ ధ్వనులు మరాఠీలో కూడా ఉన్నవి. తెలుగులో చాప, జోల అనే మాటలలో వినబడే దంత్య చకార, జకారాలు కూడా మరాఠీకి పరిచితమే. కనుక వీరికి ఉచ్చారణ పాఠాలకంటె లిపి, క్రియారూపాల పాఠాలు ఎక్కువ ఉపయోగం.

దీనికి తోడు మాండలిక భేదం ఉన్నది. ఎల్లారెడ్డి పల్లెలో "నేను వచ్చిన" అనేది శుద్ధమైన తెలుగు. పాఠ్యపుస్తకం "నేను వచ్చాను" అంటుంది. మొదటిదానిని తప్పుగా దిద్దితే విద్యార్థి నోరు మూసుకొంటాడు. ఇంటి మాట ఇది, పుస్తకపు మాట ఇది అని రెంటినీ వినిపిస్తే రెండూ నిలుస్తాయి.

ఆధునికీకరణలో ముఖ్యాంశాలు

భాషా సమాచార పత్రం: ప్రవేశ సమయంలో విద్యార్థి ఇంటి భాష, పాఠశాల మాధ్యమం, చదువ వచ్చిన లిపులు నమోదు చేసుకొనడం మొదటి మెట్టు. దీనికి ఒక కాగితం చాలు. పాఠాల ఎంపిక అంతా దీని మీదనే ఆధారపడుతుంది.

అన్ని భాషా శాఖల ఉమ్మడి నిర్వహణ: తెలుగు, హిందీ, ఉర్దూ, సంస్కృతం, ఆంగ్లం అధ్యాపకులకు కేంద్రంలో వేళలు కేటాయించాలి. పద్యాన్ని యతి స్థానం తెలిసేట్లు చదవడం, ఉర్దూ గజలును సరైన ఉచ్చారణతో వినడం కూడా ప్రయోగశాల పనులే.

ఉచిత సాఫ్ట్‌వేర్: గొంతును రికార్డు చేయడానికి ఆడాసిటీ, ధ్వనిని రేఖాచిత్రంగా చూపడానికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రాట్, పాఠాలు అమర్చడానికి మూడిల్ ఉచితంగా లభిస్తున్నవి. వీటికి వార్షిక లైసెన్సు రుసుము లేదు. ప్రాట్ తెర మీద తన గొంతు ఎక్కడ పెరిగినదీ, ఎక్కడ తగ్గినదీ విద్యార్థి కంటితో చూడగలడు.

స్థానిక సర్వరు: అంతర్జాలం నిలిచిపోయినా పాఠం ఆగకుండా, రికార్డులన్నీ కళాశాలలోని ఒక కంప్యూటరులో ఉంచి స్థానిక నెట్‌వర్కు ద్వారా అందించవచ్చును. విద్యార్థి వాటిని తన చరవాణిలోకి తీసుకొని బస్సు ప్రయాణంలో కూడా వినవచ్చును.

స్థానిక పాఠ్య సామగ్రి: బెల్లం మార్కెట్టులో బేరం, బ్యాంకులో ఖాతా తెరవడం, బస్‌స్టాండులో ప్రకటన, ఆసుపత్రిలో వైద్యునితో మాట వంటి సన్నివేశాలను ఆయా వ్యక్తుల అనుమతితో రికార్డు చేసి పాఠాలుగా మలచవచ్చును. లంబాడీ విద్యార్థులు తమ పెద్దల కథలను రికార్డు చేసి, తెలుగులో, ఆంగ్లంలో తిరిగి చెప్పడం మంచి అభ్యాసం. దీనివలన ఆ భాషకు శబ్ద భాండాగారం కూడా ఏర్పడుతుంది.

కృత్రిమ మేధ: వాక్కును గుర్తించి అక్షరాలుగా మార్చే వ్యవస్థలు తెలుగులో కూడా వచ్చాయి. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన భాషిణి, మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ4భారత్ ఈ రంగంలో పనిచేస్తున్నవి. అయితే ఇటువంటి కృషి ప్రధానంగా రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషల మీద కేంద్రీకృతమై ఉన్నది. లంబాడీ ఆ షెడ్యూలులో లేదు. యంత్రం వినని భాషను ఉపాధ్యాయుడే వినవలసి ఉంటుంది.

మూల్యాంకనం: సెకండ్ లాంగ్వేజ్ పరీక్ష ప్రధానంగా రాతపరీక్ష. మార్కులు లేని నైపుణ్యానికి వేళాపట్టికలో చోటు దొరకదు. కనుక శ్రవణ, భాషణ నైపుణ్యాలకు అన్ని భాషలలోనూ కొన్ని మార్కులు కేటాయించడం అవసరం.

పరిమితులు, విమర్శలు

భాషా ప్రయోగశాలల మీద ప్రధానమైన విమర్శ, నిధులు యంత్రాల కొనుగోలుతోనే ముగిసిపోవడం. మరమ్మతుకు, సాఫ్ట్‌వేర్ పునరుద్ధరణకు, అధ్యాపకుల శిక్షణకు ఏటా సొమ్ము కేటాయించనిచో గది తాళం పడుతుంది. హెడ్‌ఫోను ధరించిన విద్యార్థి పక్కవానితో మాట్లాడడు కనుక, వినడం పెరిగి మాట్లాడడం తగ్గే ప్రమాదం కూడా ఉన్నది. బ్రిటిషు ఉచ్చారణను మాత్రమే ఆదర్శంగా పెట్టుకొనడం అనవసరమనీ, ఎదుటివారికి స్పష్టంగా అర్థమయ్యేట్లు పలికితే చాలుననీ అనేక మంది భాషావేత్తల అభిప్రాయం.

మరొక వైపు, విదేశాలలోని తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా తెలుగు ద్వితీయ భాషగా మారుతున్నది. వీరి కోసం సిలికానాంధ్ర సంస్థ 2007లో మనబడిని ప్రారంభించింది. తెలుగును మొదటి నుండి వినిపించి నేర్పే పాఠాలు కాలిఫోర్నియా బాలునికి ఎంత అవసరమో, గాంధారి తండా బాలికకు అంతే అవసరం. మొదటివారికి ఆ ఏర్పాటును తల్లిదండ్రులు చేయగలుగుతున్నారు. రెండవవారికి దానిని చేయవలసినవి సమీపంలోని ప్రభుత్వ పాఠశాల, కళాశాలలు.

ఇవి కూడా చూడండి

కామారెడ్డి జిల్లా
ఎల్లారెడ్డి
తెలంగాణ విశ్వవిద్యాలయం
లంబాడీ భాష
ధ్వనిశాస్త్రం
భద్రిరాజు కృష్ణమూర్తి